దాహం మీదున్న పండు: పండ్ల పొడుల్ని చిరుతిళ్లలో కలిపే పద్ధతి

నేను కొన్న మొదటి పండ్ల పొడి స్ట్రాబెర్రీది, 200 గ్రాముల ప్యాకెట్. అందులోంచి మూడు చెంచాలు వాడానేమో, వారం తిరిగేసరికి మిగిలిందంతా ఇటుకైపోయింది. చెంచా గుచ్చితే చెంచాయే వంగింది. నేను సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో 19 ఏళ్లు పొడులతోనే పనిచేశాను. గదిలో తేమ కాస్త పెరిగితే చాలు, బ్యాచ్ ఆపించేదాన్ని. అలాంటి మనిషిని ఇంట్లో ఏం చేశాను? ఓట్స్ ఉడుకుతున్న గిన్నె పక్కనే ప్యాకెట్ నోరు తెరిచిపెట్టి, ఆవిరి తగిలిన చెంచాతోనే మళ్లీ మళ్లీ తీసుకున్నాను. ఆ ఇటుకను చూశాక గానీ ఉద్యోగంలో ఉన్న బుద్ధి వంటింట్లోకి రాలేదు.

స్ట్రాబెర్రీలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆపిల్‌లో 86 శాతం దాకా, అరటిపండులో 75 శాతం దాకా ఉంటాయి. ఆ నీళ్లన్నీ తీసేశాక మిగిలేదే మన చేతిలోని పొడి. పోగొట్టుకున్న నీళ్ల కోసం అది ఎప్పుడూ దాహం మీదే ఉంటుంది. గాలిలోంచి తాగుతుంది, పెరుగులోంచి తాగుతుంది, కేకు పిండిలోంచి తాగుతుంది. చిరుతిళ్లలో దాన్ని కలపడమంటే, ఎక్కడ తాగనివ్వాలో ఎక్కడ తాగనివ్వకూడదో చూసుకోవడమే. కింద చెప్పేవన్నీ నా నోటుపుస్తకంలోవి. చెంచా అన్నచోట మట్టంగా గీసిన చెంచా అనుకోండి. పెద్ద చెంచాకు నాకు 6 గ్రాముల దాకా తూగుతుంది, చిన్న చెంచాకు 2 గ్రాములు. మీ పొడి ఇంకా మెత్తగా ఉంటే లెక్క మారుతుంది కాబట్టి ఒకసారి మీ చెంచాతో మీరే తూచి రాసిపెట్టుకోండి.

కొనేటప్పుడు

ప్యాకెట్ ముందువైపు బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది బరువులో ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. "స్ట్రాబెర్రీ" అని ఒకే మాటుంటే సరే. "మాల్టోడెక్స్‌ట్రిన్, స్ట్రాబెర్రీ రసం" అని ఉంటే, మీరు కొంటున్నదాంట్లో పండుకన్నా పిండిపదార్థమే ఎక్కువన్నమాట.

అలా ఎందుకు కలుపుతారో నాకు బాగా తెలుసు, నేనూ కలిపినదాన్నే. పండ్లరసాన్ని వేడిగాలిలోకి సన్నని తుంపరగా కొట్టి ఆరబెట్టే పద్ధతి స్ప్రే డ్రైయింగ్. రసంలోని చక్కెర వల్ల అది పొడి కాకుండా యంత్రం గోడలకు బంకలా అంటుకుంటుంది. అందుకే పిండి నుంచి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్‌ను ఊతంగా వేస్తారు. అదేమీ విషం కాదు. కాకపోతే దానికి రుచీ లేదు, పీచూ లేదు, రక్తంలో చక్కెరను మాత్రం త్వరగా పెంచుతుంది. పాలలో ఇట్టే కలిసిపోవాలంటే ఆ రకం పొడే మేలు, పండు తిన్న లాభం మాత్రం ఆశించకండి.

రెండో పద్ధతి ఫ్రీజ్ డ్రైయింగ్. మా ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ల విభాగంలో ఈ యంత్రాలు ఉండేవి, లయోఫిలైజర్ అనేవాళ్లం. పండును గడ్డకట్టించి, చుట్టూ గాలి తీసేస్తే, మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది. వేడి పెద్దగా తగలదు కాబట్టి రంగు, వాసన, సి విటమిన్ వేడిగాలిలో ఎండినదానికన్నా బాగా నిలుస్తాయి. పండునంతా ఆరబెడితే పీచు కూడా అందులోనే ఉంటుంది. ఖరీదు ఎక్కువే. నేనైతే పొడి కొనడం మానేసి, ఫ్రీజ్ డ్రై చేసిన ముక్కలే కొని, కావలసినప్పుడు కావలసినంతే మిక్సీలో వేసుకుంటున్నాను. ముక్కలను చూస్తే అది పండో కాదో కంటికే తెలుస్తుంది, పైగా ముక్క పొడంత తొందరగా తేమ పీల్చదు.

బేవోబాబ్ అనే ఆఫ్రికా చెట్టు కాయ సంగతి వేరు. దాని గుజ్జు కాయలో, చెట్టు మీదే ఎండిపోతుంది. పగలగొట్టి, గింజలు తీసి జల్లిస్తే పొడి సిద్ధం. యూరోపియన్ యూనియన్ 2008లో దాన్ని ఆహారంగా అమ్ముకోవడానికి అనుమతించింది. పుల్లగా ఉంటుంది, పీచు బాగా ఉంటుంది. పెరుగులో చిన్న చెంచాడు వేస్తే నిమ్మరసం పిండినట్టుంటుంది. దొరికితే ప్రయత్నించండి, దొరకలేదని దిగులు పడాల్సినంత వస్తువైతే కాదు.

పోషకం మాట

నీళ్లు పోతే మిగతావన్నీ చిక్కబడతాయి, చక్కెర కూడా. స్ట్రాబెర్రీ పొడి అయినా అరటి పొడి అయినా బరువులో దాదాపు సగం చక్కెరే. పెద్ద చెంచాడు స్ట్రాబెర్రీ పొడి అంటే సుమారు 60 గ్రాముల పండు, మధ్యరకం పళ్లు ఐదు. ఐదు పళ్లు నమిలితే కడుపు నిండినట్టుంటుంది. చెంచాడు పొడి నాలుక మీద కరిగిపోతుంది, ఇంకో మూడు చెంచాలు వేసుకున్నా తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం విడిగా కలిపే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలి. 2000 కేలరీలు తినేవాళ్లకు అది 50 గ్రాములు. తేనె, పండ్లరసం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకని నా పద్ధతి ఇది: పొడి వేసినచోట చక్కెర తగ్గించాలి. 10 గ్రాముల పొడి వేస్తే 5 గ్రాముల చక్కెర తీసేస్తాను. పొడిలో పులుపు ఉంటుంది కాబట్టి ఈ లెక్క నాలుకకు ఒప్పకపోవచ్చు. చిటికెడు ఉప్పు వేసి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. పండు బదులు పొడి తినమని మాత్రం చెప్పను. పండు ఎలాగూ తినండి, బిస్కెట్ ఎలాగూ తింటాం కాబట్టి అందులో ఇంత పండు పడనివ్వండి.

దాచడం, జల్లించడం

గాజుసీసా, బిగుతుగా పట్టే మూత, చీకటి బీరువా. మందుసీసాల్లోను, బూట్ల డబ్బాల్లోను వచ్చే సిలికా జెల్ పొట్లాలు చాలామంది ఇళ్లలో ఉంటాయి. తిండి వస్తువులకోసమని అమ్మేవే కొత్తవి కొని వేయండి, బూట్ల డబ్బాలోవి వద్దు. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చల్లటి సీసాను బయటికి తీయగానే మూత తెరిస్తే గాలిలోని తేమ లోపలి పొడి మీదే చెమ్మగా దిగుతుంది. గంటసేపు బయటుంచి, సీసా చల్లదనం పోయాక తెరవాలి. అంత ఓపిక లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టకండి. నేను పెట్టను. వాన పడుతున్న రోజు ముక్కలను మిక్సీలో వేయను కూడా.

మిక్సీ జార్ కడిగి, తుడిచి, కాసేపు ఆరనివ్వండి. ముక్కలు సగం జార్ దాటకూడదు. ఆపి ఆపి తిప్పాలి. ఒక్కబిగిన తిప్పితే జార్ వేడెక్కి చక్కెర మెత్తబడుతుంది, పొడి గోడలకు పట్టేస్తుంది. తిప్పాక రెండు నిమిషాలు మూత తీయొద్దు, దుమ్ము కిందికి దిగాలి. ఆత్రపడి తీస్తే తుమ్ములే. తర్వాత టీ వడకట్టే జాలిలోంచి జల్లించండి. రాస్‌బెర్రీ, స్ట్రాబెర్రీ గింజలు అక్కడే ఆగుతాయి. ఆ గింజలు పారేయకుండా ఓట్స్‌లో వేసుకోవచ్చు, పళ్లకింద కరకరలాడతాయి.

ఇటుకైపోయిన పొడిని ఏం చేయాలి? మళ్లీ మిక్సీలో మాత్రం వేయకండి, బంకవుతుంది. బూజు, పులిసిన వాసన లేకపోతే పగలగొట్టి ఒక గిన్నెలో కాసిని నీళ్లతో సన్నసెగ మీద కరిగించండి. చిక్కటి పండ్లపాకం అవుతుంది. నా 200 గ్రాముల ఇటుక అలాగే రెండు వారాలు పెరుగు మీదికి వచ్చింది. బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయాలి.

కలిపే పద్ధతి ఒకటే

కొంచెం పొడిని ఎక్కువ పిండిలో కుమ్మరించి గరిటె తిప్పితే ఎప్పటికీ సమంగా కలవదు. ఒక బిస్కెట్ గులాబీరంగులో, ఇంకొకటి తెల్లగా వస్తాయి. మందుల తయారీలో 2 గ్రాముల మందును 200 గ్రాముల పిండిలో కలపాలంటే ముందు ఆ 2 గ్రాములకు 2 గ్రాముల పిండే కలుపుతాం. ఆ 4కు మరో 4, ఆ 8కి మరో 8. అలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఇంట్లో అంత తూకం అక్కర్లేదు, పద్ధతి ఒక్కటి పాటిస్తే చాలు. పండ్లపొడికి సమానంగా మైదా వేసి కలిపి, దానికి సమానంగా మళ్లీ వేసి, ఆఖరున అంతా కలిపి ఒకసారి జల్లించండి.

తడి వాటిలో అయితే దీనికి తిరగేసి చేయాలి. గ్లాసుడు పాలలో పొడి వేస్తే ఉండలు తేలతాయి, వాటి పైపొర తడిసి లోపలికి నీళ్లు పోనివ్వదు. ముందు గ్లాసు అడుగున పొడి, దాని మీద రెండు చెంచాల పాలు, ముద్దలా నూరాక మిగతా పాలు. పాలు చల్లగానే ఉండాలి. పుల్లటి పొడిని మరిగే పాలలో వేస్తే పాలు విరుగుతాయి, దానికి మందు లేదు.

ఓట్స్, జావలాంటివైతే పొయ్యి కట్టేశాక, గిన్నె పక్కన పెట్టాక కలపాలి. ఉడికేటప్పుడే వేస్తే రంగు మసకబారుతుంది, సి విటమిన్ ఇంకా కాస్త పోతుంది, లాభమేమీ ఉండదు.

పెరుగు

అన్నిటికన్నా తేలిక. 150 గ్రాముల గట్టి పెరుగులో చిన్న చెంచాడు పొడి కలిపి పది నిమిషాలు వదిలేయండి. వెంటనే రుచి చూస్తే ఏమీ తెలియదు, మరో చెంచా వేసేస్తారు, తర్వాత పులుపు పళ్లు జివ్వుమనిపిస్తుంది. పదో నిమిషానికి రంగు దిగి, పెరుగు ఇంకాస్త గట్టిపడుతుంది. ఇక్కడ దాహం మనకు కలిసొచ్చింది. క్రీమ్‌కు కూడా అంతే. 200 మిల్లీలీటర్ల చల్లటి క్రీమ్‌ను 20 గ్రాముల చక్కెరతో మెత్తని నురుగు వచ్చేదాకా గిలకొట్టి, ఆపి, 15 గ్రాముల పొడి జల్లించి చేత్తో కలపండి. మీరు చూస్తుండగానే బిగుసుకుంటుంది. పూర్తిగా గిలకొట్టాక పొడి వేస్తే మాత్రం గరగరలాడే ముద్దవుతుంది, వెన్న అయ్యే దారిలో పడుతుంది. తాజా పండుగుజ్జు కలిపిన క్రీమ్ గంటలో నీరు కారుతుంది, ఇది ఫ్రిజ్‌లో మర్నాటికి కూడా నిలబడుతుంది.

పాప్‌కార్న్

దీనిమీద నాకు చాలా పట్టుదల ఉంది, ఎందుకంటే ఐదుసార్లు చెడగొట్టాను. మొదటిసారి పొడి గింజలకు అంటుకోక గిన్నె అడుగున మిగిలింది. రెండోసారి తేనె నీళ్లు చల్లాను, పాప్‌కార్న్ ముడుచుకుపోయి తోలులా సాగింది. మూడోసారి గింజలు పేలేటప్పుడే పొడి వేశాను. ఆ మాడు వాసన కర్టెన్లకు రెండు రోజులుంది. నాలుగోసారి వెన్న వేసి, వేడివేడిగానే పొడి చల్లితే గులాబీరంగు బంక. ఐదోసారి గానీ తెలియలేదు, అప్పుడే పేలిన గింజలోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంటుందని.

50 గ్రాముల గింజలు పేలాక మూత తీసి వెడల్పాటి గిన్నెలో పోసి మూడు నిమిషాలు వదిలేయండి. 25 గ్రాముల వెన్న కరిగించండి. వెన్నలోనూ కొంత నీరుంటుంది, చిటపటలు ఆగేదాకా కరిగిస్తే ఆ నీరు పోతుంది. దాన్ని సన్నధారగా పోస్తూ కలిపి, ఒక నిమిషం ఆగండి. 10 గ్రాముల రాస్‌బెర్రీ పొడి, 10 గ్రాముల చక్కెర పొడి, పావుచెంచా ఉప్పు ముందే కలిపి ఉంచుకుని, జాలిలోంచి మూడు విడతలుగా చల్లుతూ ప్రతిసారీ గిన్నె ఎగరేయండి. ఆ పూటకే తినేయాలి. డబ్బాలో పెట్టి మర్నాడు తింటే మెత్తబడుతుంది.

బాదం, జీడిపప్పులకూ ఇదే సూత్రం. 200 గ్రాముల బాదం 160 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు వేగాక, 20 గ్రాముల తేనె, చిటికెడు ఉప్పు పట్టించి మరో ఐదు నిమిషాలు. బయటికి తీశాక వేడి తగ్గాలి, తేనె ఇంకా వేళ్లకు అంటుకుంటూ ఉండాలి. అప్పుడు 15 గ్రాముల పొడిలో దొర్లించి, విడివిడిగా పరిచి ఆరనివ్వండి. పొడిని మాత్రం ఎప్పుడూ ఓవెన్‌లోకి పంపొద్దు.

ఖర్జూరం ఉండలు

గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 200 గ్రాములు, వేయించి చల్లార్చిన బాదం 100, ఓట్స్ 50, పండ్లపొడి 20. ముందు బాదం, ఓట్స్ బరకగా తిప్పి, పొడి వేసి ఒకసారి తిప్పి, ఆఖరున ఖర్జూరాలు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. విడిపోతుంటే చెంచాడు నీళ్లు, అంతకుమించి వద్దు. 18 గ్రాముల చొప్పున 20 ఉండలు వస్తాయి. ఖర్జూరం బాగా తీపి కాబట్టి పుల్లటి పొడే కావాలి. రాస్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్ (నల్లటి చిన్న పుల్లటి పండు), చెర్రీ పనికొస్తాయి. అరటి పొడి వేస్తే తీపి మీద తీపి, నోరు మొద్దుబారుతుంది.

చాలామంది ఉండలను పైన కూడా పొడిలో దొర్లించి ఫొటో తీస్తారు. ఫొటో తీసిన పూట బాగానే ఉంటాయి. రాత్రికి ఖర్జూరంలోని తడి పైకి వచ్చి ఆ పూత తాగేసి, ఉండలు జిగటగా మెరుస్తుంటాయి. లోపల వేయాల్సింది లోపల వేసి, పైపూత తినే ముందు, తినేవాటికే దొర్లించండి.

చాక్లెట్

కరిగిన చాక్లెట్‌లో చుక్క నీరు పడితే గడ్డకట్టి గరుకు ముద్దవుతుంది. తాజా పండుగుజ్జు అందులో కలపలేం. నీరు లేని పండు మన దగ్గరుంది కదా, అది ఇక్కడ దర్జాగా కలుస్తుంది. తెల్ల చాక్లెట్ 200 గ్రాములు, నీళ్లు తగలకుండా, 45 డిగ్రీలు దాటకుండా కరిగించి, రెండుసార్లు జల్లించిన 12 గ్రాముల స్ట్రాబెర్రీ పొడి కలపండి. చాక్లెట్ చిక్కబడితే చెంచాడు వాసన లేని నూనె వేయాలి. పలచబడుతుందని పాలు పోశారో, అయిపోయిందే. కాగితం మీద పలుచగా పరిచి, పైన కొన్ని ముక్కలు చల్లి, గట్టిపడ్డాక విరవండి. తెల్ల చాక్లెట్ తీపి నాకు గొంతు పట్టుకుంటుంది, ఈ పులుపు పడ్డాకే దాన్ని తినగలుగుతున్నాను.

బిస్కెట్లు, కేకులు, అక్క ఫోను

బిస్కెట్లకు 200 గ్రాముల పిండిలో 20 గ్రాములు తీసేసి ఆ స్థానంలో పొడి వేస్తాను. అంటే మైదా 180, పొడి 20, వెన్న 130, చక్కెర 60 కాకుండా 50. పండు చక్కెర వల్ల త్వరగా ఎర్రబడతాయి కాబట్టి 180 డిగ్రీలకు బదులు 160లో 15 నిమిషాల దాకా పెట్టండి. అంచులు గోధుమరంగుకు తిరగకముందే తీయాలి. కేకులోనూ పదోవంతు లెక్కే, కాకపోతే 20 గ్రాముల పొడికి రెండు పెద్ద చెంచాల పాలు అదనంగా పోయాలి, లేకపోతే కేకు గొంతు దిగదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఏమే, నీ బ్లూబెర్రీ పొడి మంచిదేనా? కేకు పాచి రంగులో వచ్చిందే. మీ బావగారు చూసి నాకొద్దన్నారు."

"సోడా వేశావా అక్కా?"

"సోడా వేయకుండా కేకెలా పొంగుతుందే?"

తప్పు పొడిది కాదు. బ్లూబెర్రీ, చెర్రీ, నల్ల ద్రాక్షల రంగు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. పులుపులో అవి ఎరుపు, పులుపు తగ్గితే ఊదా, నీలం, క్షారం తగిలితే ఆకుపచ్చ. వంటసోడా క్షారం. బడి ప్రయోగశాలలో లిట్మస్ కాగితం చేసే పనే అక్క ఓవెన్‌లో జరిగింది. తిన్నా ఏమీ కాదని చెప్పినా బావగారు ఒప్పుకోలేదట. సోడా బదులు బేకింగ్ పౌడర్ వాడండి, అందులో సోడాతో పాటు దాన్ని అణిచే పులుపూ ఉంటుంది. పాల బదులు మజ్జిగో, ఒక చెంచా నిమ్మరసమో పోస్తే రంగు ఇంకా బాగా నిలుస్తుంది. స్ట్రాబెర్రీ రంగు ఏం చేసినా కేకులో మసకబారుతుంది. దాన్ని పైపూత క్రీమ్‌కు అట్టిపెట్టి, కేకు లోపల రాస్‌బెర్రీనో బ్లూబెర్రీనో వేస్తాను.

అనాస, కివీ, బొప్పాయి

ఈ మూడింటిలో మాంసకృత్తులను కోసే ఎంజైములుంటాయి. అనాసలో బ్రొమెలైన్, కివీలో ఆక్టినిడిన్, బొప్పాయిలో పపైన్. వేడి తగిలితే చస్తాయి, గడ్డకట్టించి ఎండబెడితే చావవు, తడి తగిలే దాకా నిద్రపోతాయంతే. ఫ్రీజ్ డ్రై అనాస పొడిని జెలటిన్ అనే మాంసకృత్తుతో చేసే జెల్లీలో వేస్తే జెల్లీ ఎన్ని గంటలైనా బిగియదు. పెరుగులోనో పాలలోనో కలిపి ఉంచితే కాసేపటికి చేదెక్కుతుంది. అందుకే వీటిని పెరుగు మీద చల్లుకుని వెంటనే తినేయాలి. జెల్లీయే కావాలంటే అగర్‌అగర్‌తో చేయండి, అది సముద్రపు నాచు నుంచి వచ్చేది, మాంసకృత్తు కాదు కాబట్టి వీటి ఆటలు సాగవు.

ఇంట్లో ఆరబెట్టుకోవాలంటే

ఇంట్లో మామూలు పరికరాలతో ఫ్రీజ్ డ్రై కుదరదు, వేడిగాలితో ఆపిల్, నారింజ తొక్క చక్కగా వస్తాయి. ఆపిల్‌ను 3 మిల్లీమీటర్ల చక్రాలుగా తరిగి, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీసి, 57 డిగ్రీల డ్రైయర్‌లో గానీ, అంత తక్కువ వేడికి దిగే ఓవెన్‌లో తలుపు కాస్త తెరిచి గానీ పెట్టండి. 6 నుంచి 12 గంటలు పట్టొచ్చు. వంచితే వంగేది తినడానికి బాగుంటుంది గానీ పొడికి పనికిరాదు. చల్లారాక విరిస్తే టక్కున విరగాలి. వేడి మీద పరీక్షిస్తే మోసపోతాం, వేడిలో అన్నీ మెత్తగానే ఉంటాయి. ఆరిన ముక్కలను సీసాలో మూడింట రెండు వంతులు నింపి వారం రోజులు రోజూ కుదపండి. ఒక్క ముక్కలో తేమ మిగిలినా గోడ మీద చెమ్మ కనిపిస్తుంది, అప్పుడు మళ్లీ ఆరబెట్టొచ్చు. నారింజ తొక్కను తెల్లపొర తగలకుండా పలుచగా గీయండి, ఆ తెల్లదే చేదు. ఈ పొడి బిస్కెట్లలో అర చెంచా చాలు.

ఖర్జూరం, కిస్‌మిస్, అంజీర జోలికి మాత్రం పోకండి. ఇంట్లో ఎండబెడితే వాటి చక్కెర అంత తేలిగ్గా పొడి కానివ్వదు, మిక్సీ బ్లేడే తిరగనని మొరాయిస్తుంది.

కొందరికి కొన్ని జాగ్రత్తలు

ఫ్రీజ్ డ్రై చేస్తే సూక్ష్మజీవులు చస్తాయనుకోవద్దు. పెరుగు తోడుకు వాడే బ్యాక్టీరియాను ప్రాణాలతో దాచడానికి వాడేదే ఈ పద్ధతి. పసిపిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లకు పెట్టేటప్పుడు పొడిని పచ్చిగా చల్లకుండా జావలో ఉడికించండి, రంగు పోతే పోనీ. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలే వద్దు. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు అరటి పొడిని పండుతో సమానంగానే లెక్కేసుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్ పొడి కొనేముందు మీ మందుల చీటీ చూడండి. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి కొన్ని కొలెస్టరాల్ మాత్రలు ఆ పండుతో పాటు పడితే రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు లేబుల్ మీద సల్ఫైట్ (రంగు చెడకుండా కలిపేది, కొందరికి ఆయాసం తెప్పిస్తుంది) అన్న మాట కోసం వెతకాలి.

ఇక సీసా అడుగున ఎప్పుడూ ఒక పూత మిగిలిపోతుంది, చెంచాకు అందదు, బ్రష్‌కు రాదు. కడిగేయకండి. నాలుగు చెంచాల పెరుగు అందులోనే వేసి, మూత బిగించి గట్టిగా కుదపండి. నేనైతే గిన్నెలోకి తీయకుండా సీసాలోంచే తినేస్తాను.